అడవినాభి విషం – నాడీకణం రూపం

వానాకాలంలో చింతలనార్ చుట్టూ ఉన్న బస్తర్ అడవుల్లో పొదల మీదికి ఎగబాకే ఒక తీగను గమనించండి. ఆకుల కొనలు నులితీగల్లా మెలితిరిగి ఉంటాయి. పసుపు, ఎరుపు పూరేకులు మంటలా పైకి లేస్తాయి. అందుకే అగ్నిశిఖ అన్నారు. మరో పేరు అడవినాభి. దుంప తింటే ప్రాణాంతకం, చూడండి, తవ్వకండి. అందులోని విషం కాల్చిసిన్. నాడీకణం తన ఆకారాన్ని ఎలా నిలుపుకుంటుందో మనకు తెలియడంలో ఈ విషానికి పెద్ద పాత్ర ఉంది.

1820లో పెల్లెటియే, కావెంటూ అనే ఫ్రెంచి రసాయనవేత్తలు దీన్ని ఐరోపాలోని కాల్చికమ్ మొక్క నుంచి వేరుచేశారు. ఇది కణవిభజనను మధ్యలో ఆపేస్తుందని 1930లలో తెలిసింది. ఎలా ఆపుతుంది? చికాగో విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ టేలర్, ఆయన విద్యార్థి గ్యారీ బోరిసీ కాల్చిసిన్‌కు రేడియోధార్మిక హైడ్రోజన్ చేర్చి, అది దేనికి అంటుకుంటుందో వెతికారు. 1967లో ఫలితాలు ప్రకటించారు. విభజన చెందే కణాల్లో ఆ ప్రోటీన్ ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. మెదడులో కూడా పుష్కలంగా దొరికింది! దాదాపు విభజన చెందని నాడీకణాలకు దానితో ఏం పని?

మీ నడుము దగ్గర వెన్నుపాములో ఉన్న ఒక్క కణం తన తంత్రికాక్షాన్ని పాదం కండరం దాకా, సుమారు మీటరు దూరం చాపుతుంది. లోపల ఆ ప్రోటీన్‌తోనే కట్టిన సూక్ష్మనాళికలు వెదురుబొంగుల్లా పొడవునా ఉంటాయి. సరుకు రవాణాకు దారులు కూడా అవే. ప్రోటీన్‌కు 1968లో జపాన్ శాస్త్రవేత్త హిదేయో మోహ్రి ట్యూబులిన్ అని పేరు పెట్టాడు. 1970లో పిల్లపిండం నుంచి పెంచిన కోడి నాడీకణాలకు కాల్చిసిన్ ఇస్తే, సాగిన తంత్రికాక్షాలు వెనక్కి ముడుచుకుపోయాయి.

పొర సంగతి తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2013లో హార్వర్డ్‌లో జువాంగ్ బృందం కొత్తరకం సూక్ష్మదర్శినితో చూస్తే, పొర అడుగున ఆక్టిన్ వలయాలు పీపా పట్టీల్లా కనిపించాయి. వాటి మధ్య దూరం సుమారు 190 నానోమీటర్లు. వాటిని కలిపేది స్పెక్ట్రిన్. విద్యుత్ సంకేతం నడిపే పొరలోని సోడియం ద్వారాలు కూడా ఈ వరుసనే పాటిస్తున్నాయి.

మన పెరటి బిళ్లగన్నేరు నుంచి తీసే క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్ కూడా ట్యూబులిన్‌నే పట్టుకుంటుంది. క్యాన్సర్ కణాల విభజన ఆగుతుంది, కాని కొందరు రోగులకు కాలివేళ్లు, చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి. అతి పొడవైన నాడీకణాల కొనలు ఉండేది అక్కడే.