రాత్రి నెత్తురు పరీక్ష నుంచి ఫ్రామింగ్‌హామ్ దాకా

ఈ వారం హెల్త్ చెకప్‌ల వెనక ఉన్న చరిత్ర కొంచెం చెప్పుకుందామండి.

గోదావరి జిల్లాలవాళ్లకు బోదకాలు తెలియనిది కాదు. ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు పగలు నెత్తురులో దాదాపు కనిపించవు, బాగా పొద్దుపోయాకే బయటపడతాయి. అందుకని 1955లో జాతీయ ఫైలేరియా కార్యక్రమం మొదలయ్యాక, ఆరోగ్యశాఖవాళ్లు రాత్రిళ్లు ఇల్లిల్లూ తిరిగి, పడుకున్నవాళ్లను లేపి, వేలు గుచ్చి నెత్తురు తీసుకునేవారు. ఏ జబ్బూ లేని మనిషికి సూది ఏమిటని జనం విసుక్కునేవారట, మా అమ్మమ్మతో సహా. కాలు బాగా వాచిపోయాక ఏ మందూ దాన్ని మళ్లీ మామూలు చెయ్యలేదు. వాపు రాకముందే పట్టుకోవాలి, అదీ అసలు సంగతి.

అలా పట్టుబడినవాళ్లకు ఇచ్చిన మందు హెట్రజాన్. దాన్ని 1947లో ఇక్కడ అమెరికాలో, లెడర్లీ కంపెనీలో తెచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. అంతకుముందు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, నెత్తురులో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టిందీ ఆయనే.

అంతటి మనిషి 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ముందే ఎవరైనా పరీక్ష చేసి ఉంటేనో అనిపిస్తుంది. కానీ చేసినా ఏం చెప్పేవారు? వయసుతోపాటు బీపీ పెరగడం సహజమేనని చాలామంది డాక్టర్లే అనుకున్న రోజులవి. 1945లో పోయిన ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కు బీపీ విపరీతంగా ఉన్నా, దించడానికి సరైన మందు లేదు.

సరిగ్గా ఆ 1948లోనే, బోస్టన్‌కు దగ్గరలోని ఫ్రామింగ్‌హామ్‌లో 30 నుంచి 62 ఏళ్లలోపు 5,209 మందిని ఎంచుకుని, రెండేళ్లకోసారి పరీక్షించే పని మొదలైంది. బీపీ, కొలెస్టరాల్, సిగరెట్టు గుండెజబ్బుకు దారితీస్తాయని గట్టిగా చూపించింది ఆ ఊరే.

అయితే ఆ ఊరివాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. మన ఒళ్లు లెక్క వేరు. దక్షిణాసియావాళ్ల గుండెల మీద 2010లో చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు, దాని పేరు మసాలా (నిజంగానే!). సన్నగా కనిపించే మనవాళ్లకూ షుగరు వస్తుందని, 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలవాళ్లకు బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 నుంచే పరీక్ష సంగతి చూడమంది.

మా హెర్న్‌డన్‌లో “నాకు పొట్టే లేదు కదండీ” అనే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు కొదవ లేదు. 2010 నాటి హెల్త్‌కేర్ చట్టం తరవాత చాలా ఇన్సూరెన్సుల్లో, నెట్‌వర్క్ డాక్టరు దగ్గర ఇలాంటి ముందస్తు పరీక్షలకు కో-పే కూడా ఉండదు. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్సు మాత్రం మామూలుగా వీటికి పైసా ఇవ్వదు. వాళ్ల పరీక్షలు విమానం ఎక్కకముందే అక్కడే చేయించి, రిపోర్టులు ఆవకాయ జాడీతోపాటు సూట్‌కేసులో పెట్టుకు రమ్మనండి.