భోర్ కమిటీ నుంచి ఆశా దాకా: పల్లె గడపకు వైద్యం చేరిన దారి

గ్రామీణ ఆరోగ్యం మీద ప్రశ్న రాగానే మనలో చాలామంది నిబంధనలతో మొదలుపెడతాం. మైదాన ప్రాంతంలో ఉపకేంద్రానికి 5,000 జనాభా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 30,000, సామాజిక ఆరోగ్య కేంద్రానికి 1,20,000. చివర వైద్యుల కొరత గురించి ఒక వాక్యం. ప్రిలిమ్స్‌కు ఇది సరిపోతుంది. మెయిన్స్‌లో మీరు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది: కేంద్రాలు కట్టిన తర్వాత కూడా వైద్యం పల్లెకు ఎందుకు అందలేదు?

భోర్ కమిటీ కల

సర్ జోసెఫ్ భోర్ కమిటీ 1943లో ఏర్పడి 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం దక్కకుండా పోకూడదన్నది దాని మూల సూత్రం. తక్షణ ప్రణాళికగా 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దీర్ఘకాలంలో 10,000 నుంచి 20,000 మందికి 75 పడకల ఆసుపత్రి ఉండాలని సూచించింది. 1952లో సామాజికాభివృద్ధి పథకంతో బ్లాకుకు ఒక కేంద్రం చొప్పున పని మొదలైంది. అయితే ఒక్కో బ్లాకులో దాదాపు వంద గ్రామాలు. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని, ఆ రోజు కూలి వదులుకుని అంతదూరం వెళ్లగలిగేది ఎందరు?

ఊరి మనిషి కోసం వెతుకులాట

ఈ దూరాన్ని తగ్గించడానికి ఊళ్లోనే ఒకరికి శిక్షణ ఇవ్వాలని 1975లో శ్రీవాస్తవ కమిటీ చెప్పింది. 1977 అక్టోబర్ 2న సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకం వచ్చింది. మూడు నెలల శిక్షణ, నెలకు రూ.50 గౌరవ వేతనం. ఎంపికైనవారిలో ఎక్కువమంది పురుషులే. తల్లీబిడ్డల ప్రాణాలకు ముప్పు ఎక్కువగా ఉండే పురిటి గదిలోకి వారు అడుగుపెట్టలేరు. ఈ ఒక్క లోపం పథకాన్ని ఎంత బలహీనపరిచిందో ఆలోచించండి.

మహారాష్ట్రలో రెండు ప్రయోగాలు వేరే దారి పట్టాయి. 1970లో జామ్‌ఖేడ్‌లో డాక్టర్ రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు గ్రామ మహిళలనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. వారిలో చదువురానివారు, దళిత మహిళలు ఉన్నారు.

రెండోది మన తెలంగాణకు పొరుగునే ఉన్న గడ్చిరోలి జిల్లాలో జరిగింది. డాక్టర్ అభయ్, రాణీ బంగ్ దంపతులు 1986లో అక్కడ సెర్చ్ సంస్థను స్థాపించారు. ఆ తర్వాత 39 గ్రామాల్లో మహిళలకు శిక్షణ ఇచ్చి బాలింతల ఇళ్లకు పంపారు. బిడ్డను వెచ్చగా ఉంచడం, తల్లిపాలు పట్టించడం, ఇన్ఫెక్షన్ లక్షణాలు గుర్తించి యాంటీబయాటిక్ ఇవ్వడం వారి పని. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, పోల్చిచూసిన గ్రామాలకంటే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి.

2005 తర్వాత

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. సుమారు 1,000 జనాభాకు ఒక ఆశా కార్యకర్త, ఆమె ఆ ఊరి మహిళే అయి ఉండాలన్న నియమం వచ్చింది. అంతకుముందే ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ పథకం ఈ బాట వేసింది. గడ్చిరోలి పద్ధతి 2011లో జాతీయ కార్యక్రమమైంది. ఆసుపత్రిలో కాన్పయితే ఆరుసార్లు, ఇంట్లో అయితే ఏడుసార్లు ఆశా బాలింత ఇంటికి వెళ్లాలి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ప్రకటించింది.

ఇక్కడే ఆగిపోకండి. కాగితం మీద ఆశా నేటికీ స్వచ్ఛంద సేవకురాలే. ఆదాయంలో ఎక్కువ భాగం పనిని బట్టి వచ్చే ప్రోత్సాహకమే. జీతం, భద్రత అడుగుతూ వారు రోడ్డెక్కుతున్నది అందుకే. పైగా ఆమె వైద్యుడికి ప్రత్యామ్నాయం కాదు. ప్రమాదాన్ని గుర్తించి ఆమె కేంద్రానికి పంపిన తల్లికి అక్కడ డాక్టర్, మందులు, రక్తం లేకపోతే అంతవరకు పడిన శ్రమంతా వృథా. గడ్చిరోలిలో ఫలితం రావడానికి శిక్షణతోపాటు నిరంతర పర్యవేక్షణ కూడా కారణమని మరవకండి.

జవాబు ముగించేటప్పుడు ఈ రెండు కొసలనూ కలపండి. భోర్ కేంద్రాన్ని చూపాడు, గడ్చిరోలి గడపను చూపింది. ఆ రెంటి మధ్య దారిలో రోజూ నడుస్తున్న మహిళకు తగిన వేతనం, ఆమె పంపిన రోగికి తగిన వైద్యం అందితేనే 1946 నాటి మాట నిలబడుతుంది. రేపు మీరు అధికారిగా ఏదైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని తనిఖీ చేస్తే, రిజిస్టర్ తెరిచే ముందు ఆ ఊరి ఆశాతో పది నిమిషాలు మాట్లాడండి.