బురదలో ఐసు పంజరం

డెక్ మీద అందరి చూపూ ఆ గొట్టం మీదే.

2006. కృష్ణా, గోదావరి కలిసే బంగాళాఖాతం. జాయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక కింద వెయ్యి మీటర్ల నీళ్లు, ఆ కింద బురద. ఆ బురదలోంచి కోరు గొట్టం పైకొస్తోంది. ఒక్కో మీటరు ఎక్కేకొద్దీ, లోపలున్నది ప్రాణం వదులుతోంది.

అది ఐసే. మన ఫ్రిజ్‌లో గడ్డకట్టే రకం మాత్రం కాదు.

కబురు ముందే అందింది. డ్రిల్లుతో పాటు దిగిన పరికరాలు పదో స్థలం దగ్గర తికమక పెట్టాయి. ఉప్పునీటి బురదలో కరెంటు హాయిగా పారాలి. పారడం లేదు. అడ్డంగా ఏదో కూర్చుంది. గ్యాసా? గడ్డా? పైకి తెస్తే గానీ తేలదు.

ఆ అడ్డం ఎలా పుడుతుంది? తెలంగాణలోని చివ్వెంల చేలల్లో పడిన వాన మూసీనో పాలేరునో పట్టుకుని కృష్ణలో పడుతుంది. దారిపొడవునా ఒండ్రునీ, కుళ్లిన ఆకునీ మూటగట్టుకుని కడలి చేరుతుంది. అడుగున సూక్ష్మజీవులు ఆ కుళ్లు తిని మీథేన్ వదులుతాయి. అక్కడ ఆరేడు డిగ్రీల చలి, పైన ఉన్నదానికి వంద రెట్ల ఒత్తిడి. ఆ బరువుకి నీటి అణువులు మీథేన్ చుట్టూ పంజరం అల్లేస్తాయి. 46 అణువులకి 8 గదులు. మామూలు ఐసులో ఆరు మూలల గళ్లైతే, ఇక్కడ ఎక్కువగా ఐదు మూలల పలకలు. ఒత్తిడి తీసేస్తే గదులు కూలతాయి.

గొట్టం డెక్ మీదికొచ్చింది!

ఉప్పుగాలి, జిడ్డు చెమట. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా గొట్టం వెంట పాకింది. కరిగే ఐసు చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటుంది కాబట్టి తెర మీద చల్లటి మచ్చ ఎక్కడ కనపడితే అక్కడ గొట్టాన్ని కోసి, బురద చీల్చి, చేతికందిన తెల్లటి ముక్కని బుసబుసలాడుతుండగానే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోకి తోసేయాలి. ఆలస్యమైతే మిగిలేది బుడగలే.

దొరికింది. మట్టి పగుళ్ల నిండా తెల్లటి నరాల్లా. ఎంత మందం?

128 మీటర్లు. 21 చోట్ల 39 బోర్లు వేసిన ఆ యాత్రలో ఇంత దట్టమైనది ఇంకెక్కడా తగల్లేదు. అమెరికా శాస్త్రవేత్త టిమ్ కోలెట్ బృందం ప్రపంచపటం మీద కొత్త చుక్క పెట్టింది. అదే పంజరపు ఐసు మరో తీరులో 2014లో జర్మనీ వాళ్ల చేతికి చిక్కింది. నియాన్ బంధించిన పంజరంలోంచి రోజుల తరబడి వాయువుని లాగేస్తే, ఖాళీ గూడు నిలబడింది! దానికి ఐసు 16 అని నంబరిచ్చారు.

2006 నాటి ఆ డెక్ మీద, నైట్రోజన్ ట్యాంకుకి అందని ముక్క బుసలు కొట్టి చల్లారింది. చారెడు నీళ్లు. సముద్రం అడుగున పుట్టినా అందులో ఉప్పు ఉండదు. పంజరం ఉప్పుని లోపలికి రానివ్వదు.