విదేశీ టూర్‌లో రైలు క్యాన్సిల్ అయిందా? రీఫండ్ తీసుకునే ముందు ఇవి తెలుసుకోండి!

అమ్మానాన్న, పిల్లలు, బంధువులు.. మొత్తం ఎనిమిది మంది యూరప్ టూర్‌లో ఉన్నారనుకోండి. ప్యారిస్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లాలి. స్టేషన్‌కి వెళ్లేసరికి బోర్డు మీద 'రద్దు' అని కనిపించింది. భాష రాదు, చేతినిండా లగేజీ. అప్పుడు కంగారులో చాలామంది చేసే పని ఫోన్ తీసి రీఫండ్ బటన్ నొక్కేయడం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

రీఫండ్ తీసుకుంటే ఏమవుతుంది?

యూరోపియన్ యూనియన్ దేశాల్లో రైలు ప్రయాణికుల హక్కులపై కొత్త నిబంధనలు 2023 జూన్ 7 నుంచి అమల్లో ఉన్నాయి. రైలు రద్దయినా, గమ్యానికి 60 నిమిషాలు లేదా అంతకంటే ఆలస్యంగా చేరుతుందని తేలినా ప్రయాణికుడికి మూడు దారులుంటాయి. టికెట్ డబ్బు వాపస్ తీసుకోవచ్చు. వీలైనంత త్వరగా వేరే రైల్లో వెళ్లొచ్చు. లేదంటే మరో రోజుకు మార్చుకోవచ్చు. రీఫండ్ ఎంచుకుంటే మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత రైల్వే సంస్థకు ఉండదు. అప్పటికప్పుడు ఎనిమిది కొత్త టికెట్లు కొనాలంటే జేబుకు చిల్లే! అందుకే ముందు వేరే రైలు అడగండి.

100 నిమిషాల రూల్

రైలు బయల్దేరాల్సిన టైమ్ నుంచి 100 నిమిషాల్లోగా ప్రత్యామ్నాయం చూపించకపోతే వేరే రైలు లేదా బస్సు టికెట్ మీరే కొనుక్కోవచ్చు. సహేతుకమైన ఆ ఖర్చును సంస్థ తిరిగి ఇవ్వాలి. ట్యాక్సీకి, విమానానికి ఈ రూల్ వర్తించదు. రసీదులు మాత్రం పారేయొద్దు.

తిండి, బస, పరిహారం

గంట దాటి వెయిట్ చేయాల్సి వస్తే, అందుబాటులో ఉన్నంతవరకు భోజనం, మంచినీళ్లు అడగొచ్చు. రాత్రి ఆగిపోవాల్సి వస్తే వీలున్న చోట హోటల్ బస కూడా ఇవ్వాలి. ప్రయాణం కొనసాగించి 60 నుంచి 119 నిమిషాలు లేట్‌గా చేరితే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు దాటితే 50 శాతం పరిహారం వస్తుంది. అంటే తలా 100 యూరోల టికెట్ అయితే ఎనిమిది మందికి 400 యూరోలు! కూపన్ ఇస్తామన్నా డబ్బే కావాలని అడగొచ్చు. తీవ్రమైన వాతావరణం వంటి కారణాలైతే పరిహారం రాకపోవచ్చు. రైల్వే సిబ్బంది సమ్మె మాత్రం ఆ మినహాయింపులోకి రాదు.

గ్రూప్‌గా వెళ్తే ఇవి మర్చిపోవద్దు

- అందరూ కౌంటర్ దగ్గర గుమిగూడొద్దు. ఒకరు క్యూలో నిలబడితే, ఇంకొకరు యాప్ చూడాలి. మిగతావాళ్లు పెద్దవాళ్లతో, పిల్లలతో ఒకేచోట ఉండాలి.
- టికెట్లు, హోటల్ అడ్రస్ అందరి ఫోన్లలోనూ ఉండాలి. ఒక్కరి ఫోన్ చార్జింగ్ అయిపోతే అందరూ ఇరుక్కుంటారు.
- తర్వాతి రైల్లో అందరికీ సీట్లు లేకపోతే రెండు జట్లుగా వెళ్లండి. ప్రతి జట్టులో భాష, ఫోన్ వాడకం తెలిసినవాళ్లు ఒకరుండాలి. ఎక్కడ కలుసుకోవాలో ముందే మాట్లాడుకోండి.
- రద్దయిన బోర్డు ఫొటో తీసుకోండి. ఆలస్యమైనట్టు కౌంటర్‌లో రాయించుకోండి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు.

బుకింగ్‌లోనే జాగ్రత్త

ఒకే సంస్థ దగ్గర, ఒకేసారి కొన్న కనెక్టింగ్ టికెట్లకు రక్షణ ఎక్కువ. చవగ్గా వస్తున్నాయని విడివిడిగా కొంటే, మొదటి రైలు లేటై రెండోది తప్పిపోయినా బాధ్యత మీదే. సిటీ, లోకల్ రైళ్లకు కొన్ని దేశాల్లో మినహాయింపులున్నాయి. యూకే, స్విట్జర్లాండ్ ఈయూలో లేవు కాబట్టి అక్కడి నిబంధనలు విడిగా చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం.. ఇండియాకి తిరుగు ఫ్లైట్ ఉన్న రోజే దూరప్రయాణం రైలు పెట్టుకోవద్దు. విడిగా కొన్న రైలు టికెట్ వల్ల ఫ్లైట్ మిస్సయితే విమాన సంస్థ బాధ్యత తీసుకోదు. ఒకరోజు ముందే ఎయిర్‌పోర్ట్ ఉన్న ఊరికి చేరుకుంటే, రైలు రద్దయినా కంగారు పడాల్సిన పనుండదు.