ఊసరవెల్లి ఎక్కడ పుట్టింది?

పెట్ షాపులో ఊసరవెల్లి పిల్లను కొనబోయేవారికి అనుభవజ్ఞులు చెప్పే జాగ్రత్తలు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఒకటే. కళ్ళు గుంటలు పడి ఉండకూడదు, పట్టపగలు మూసుకుని ఉండకూడదు. కొమ్మ మీద పట్టు గట్టిగా ఉండాలి. ముంగాళ్ళు వంకర తిరగకూడదు, దవడ మెత్తబడకూడదు. నోరు తెరుచుకుని ఊపిరి తీయకూడదు. తోక మొదలు ఎండిపోయి ఎముకలు తేలకూడదు. వీటిలో తప్పుపట్టాల్సింది ఏదీ లేదు. అయితే ఈ జాబితా ఎవరో పండితుడు ఒకచోట కూర్చుని రాసింది కాదు. దాదాపు 4 శతాబ్దాలుగా మనుషుల చేతుల్లో ఈ జీవి ఏయే రకాలుగా చచ్చిందో ఆ చావులే ఒక్కొక్కటిగా చేరి ఈ జాబితా అయ్యాయి. ఆ చరిత్రను వరసగా చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఊసరవెల్లి బతుకు దుకాణంలో కొనుగోలుదారు చూసే చూపు మీద కన్నా, ఆ దుకాణానికి అది వచ్చిన దారి మీదే ఎక్కువగా ఆధారపడింది. కాబట్టి జంతువు ఎలా ఉంది అన్నది రెండో ప్రశ్నే. ఎక్కడ పుట్టింది అన్నది మొదటిది.

ఐరోపాకు ఊసరవెల్లులు మధ్యధరా సముద్రపు దక్షిణ తీరం నుంచి ఓడల మీద చేరాయి. 1630లలో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్ నగరంలో పెరెస్క్ అనే విద్వాంసుడు ట్యునీషియా నుంచి తెప్పించుకుని వాటిని గమనించాడు. 1672లో ఈజిప్టు నుంచి వచ్చిన ఊసరవెల్లులను పారిస్‌లో మదలెన్ ద స్క్యూడరీ అనే రచయిత్రి పెంచింది, 1688లో వాటి కథను అచ్చు వేయించింది. అంతకు కొన్నేళ్ళ ముందే, 1669లో, క్లోద్ పెరో అనే వైద్యుడు అదే నగరంలో ఒక ఊసరవెల్లిని కోసి చూసి దాని శరీర నిర్మాణాన్ని వివరించాడు. ఇంత చదువుకున్నవారి చేతుల్లో పడినా, వాటిని వెంటాడిన నమ్మకం ఒకటుంది. ఊసరవెల్లి గాలి తిని బతుకుతుందని. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లీనీ రాసిన ఈ మాట దాదాపు 16 వందల ఏళ్ళు నిలిచింది. 1646లో ఇంగ్లండు వైద్యుడు థామస్ బ్రౌన్ దాన్ని సూటిగా ఎదుర్కొన్నాడు. గాలే ఆహారమైతే ఈ జీవికి పళ్ళెందుకు, పొట్ట ఎందుకు, పేగులెందుకు, అంత పొడవైన జిగురు నాలుక ఎందుకు అని అడిగాడు.

ఆ నమ్మకం అంతకాలం ఎలా నిలిచింది? జనం మూఢులని తీసిపారేయడం తేలిక. నిజానికి వాళ్ళు కళ్ళతో చూసిందే నమ్మారు. ఊసరవెల్లి శరీరానికి సొంత వేడి పుట్టించుకునే పని లేదు, కనుక ఖర్చయ్యే శక్తి చాలా తక్కువ. తిండి లేకుండా వారాల తరబడి కొమ్మ పట్టుకుని కూర్చోగలదు. కూర్చున్నంతసేపూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. మెల్లగా చచ్చిపోవడాన్ని వాళ్ళు బతకడం అనుకున్నారు. నేటి దుకాణంలో అద్దం అవతల కదలకుండా కూర్చున్న పిల్లను చూసి ‘ఎంత సాధువుగా ఉందో’ అనుకునే కొనుగోలుదారుడు చేసే పొరపాటు సరిగ్గా ఇదే. 20వ శతాబ్దంలో కూడా అమెరికా సర్కస్‌లలో, సంతల్లో అనోల్ అనే చిన్న ఆకుపచ్చ బల్లులను ఊసరవెల్లుల పేరుతో పిల్లలకు అమ్మారు. పంచదార నీళ్ళు పడితే చాలని చెప్పి పంపేవారు. ప్లీనీ గాలి కాస్తా పంచదార నీళ్ళయింది, అంతే తేడా.

అసలు ఊసరవెల్లుల వ్యాపారం పెద్దయెత్తున మొదలయ్యాక కెన్యా కొండల్లోని జాక్సన్ ఊసరవెల్లికి గిరాకీ పెరిగింది. మగదానికి ముఖం మీద 3 కొమ్ములుంటాయి. చూసినవారు కొనకుండా ఉండలేరు. నా వాదనకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఈ జాతి కథలోనే ఉంది. 1972లో హవాయిలోని ఒవాహు దీవిలో ఒక పెట్ షాపు యజమాని ప్రభుత్వ అనుమతితోనే కెన్యా నుంచి కొన్ని డజన్ల జాక్సన్ ఊసరవెల్లులను తెప్పించాడు. అవి చిక్కిపోయి, దాహంతో ఎండిపోయి చేరాయి. అమ్మకానికి పనికిరావని, కోలుకుంటాయేమోనని ఇంటి తోటలో వదిలాడు. అవి కోలుకున్నాయి, తోట దాటాయి, అడవి పట్టాయి. తర్వాత మనుషులే వాటిని ఇతర దీవులకూ చేర్చారు. అక్కడి అరుదైన చెట్టు నత్తలు వాటి కడుపుల్లో దొరికేదాకా వెళ్ళింది వ్యవహారం. ఇప్పుడు హవాయిలో అవి బెడద, దీవి నుంచి దీవికి తరలించడం నేరం.

పర్యావరణానికి జరిగిన నష్టం సంగతి అలా ఉంచి, వ్యాపారం గురించి ఈ ఘటన చెప్పేదేమిటో చూడాలి. పెట్టెలో చావుకు దగ్గరపడిన ఆ జంతువులే ఆకుల మీద వాన నీళ్ళు, నేరుగా పడే ఎండ, రకరకాల పురుగులు దొరకగానే తేరుకుని పిల్లలను పెట్టాయి. అంటే జబ్బు వాటి జాతిలో లేదు, ప్రయాణంలోనూ పంజరంలోనూ ఉంది. ఊసరవెల్లికి గిన్నెలో నిలవ ఉన్న నీళ్ళు నీళ్ళుగా తోచవు. ఆకు మీద మెరిసే చుక్కలనే నాలుకతో అందుకుంటుంది. గిన్నె పెట్టి బాధ్యత తీరిందనుకున్న పెంపకందారుల దగ్గర ఎన్నో ఊసరవెల్లులు పక్కనే నీళ్ళుండగా దాహంతో చచ్చాయి. గుంటలు పడ్డ కళ్ళు ప్రమాద సూచన అన్న సంగతి అలా నేర్చుకున్నదే. ఎముకల జబ్బుదీ అదే కథ. కీచురాళ్ళలో క్యాల్షియం కంటే భాస్వరం ఎక్కువ. ఆ క్యాల్షియం లోటు పూడ్చాలన్నా చర్మం విటమిన్ డి3 తయారు చేసుకోవాలి, దానికి అతినీలలోహిత (యూవీబీ) కిరణాలు కావాలి. మామూలు బల్బుల్లోనూ, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలోనూ పనికొచ్చే ఆ కిరణాలు దాదాపు ఉండవు. సరీసృపాల కోసమే తయారైన యూవీబీ దీపాలు 1990లలో గానీ సామాన్యులకు అందలేదు. ఆలోగా వంకర కాళ్ళతో, రబ్బరులా వంగే దవడలతో చచ్చినవాటికి లెక్క లేదు.

కెన్యా 1981లో ఎగుమతి ఆపింది. వ్యాపారం వేరే దేశాలవైపు, ముఖ్యంగా టాంజానియా, మడగాస్కర్‌లవైపు జరిగింది. ప్రపంచంలోని ఊసరవెల్లి జాతుల్లో సుమారు సగం మడగాస్కర్‌లోనే ఉన్నాయి. అక్కడి నుంచి తరలింపు మితిమీరడంతో 1995లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం జోక్యం చేసుకుంది. అక్కడి రెండు ప్రధాన ప్రజాతుల్లో నాలుగు జాతులను మినహాయించి మిగతావాటి వ్యాపారాన్ని నిలిపేసింది. మినహాయించిన నాలుగింటిలో పాంథర్ ఊసరవెల్లి ఒకటి. దాదాపు అదే కాలంలో యెమెన్, నైరుతి సౌదీ అరేబియా కొండలకు చెందిన వెయిల్డ్ ఊసరవెల్లి పంజరంలో గుడ్లు పెట్టి పిల్లలు చేయడం మొదలుపెట్టింది. ఒక్కసారికి పదులకొద్దీ గుడ్లు పెడుతుంది, 6 నెలల లోపే ఈడుకొస్తుంది, కరకు వాతావరణానికి అలవాటుపడిన జాతి. పెట్ షాపుల చరిత్రలో అసలు మలుపు ఇదే. అప్పటిదాకా ‘ఆరోగ్యమైన పిల్ల’ అంటే ప్రయాణంలో చావకుండా మిగిలింది అని అర్థం. పంజరంలో పుట్టిన జాతులు వచ్చాకే పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, మొదటి తిండి తెలిసిన పిల్లను ఎంచుకునే వీలు కలిగింది.

దీనికి మొదటి అభ్యంతరం: పుట్టుక ఏదైతేనేం, ఆరోగ్యం కళ్ళకు కనబడదా? పూర్తిగా కనబడదు. వేటాడే జంతువుల కంట పడకుండా బతకాల్సిన జీవి బలహీనతను బయటపెట్టదు. జబ్బు లక్షణాలు పైకి తేలేసరికి అది చాలా ముదిరి ఉంటుంది. అడవిలో పట్టినదాని కడుపులో పురుగులుంటే బయటి నుంచి గుర్తించడం పశువైద్యుడికే కష్టం. ఇక రంగు. అసలు మోసమంతా అక్కడే. చర్మంలోని సూక్ష్మ స్ఫటికాల అమరిక మారడం వల్ల రంగు మారుతుందని 2015లో జెనీవా శాస్త్రవేత్తలు పాంథర్ ఊసరవెల్లిలో చూపించారు. ఆ మార్పు భయాన్ని, కోపాన్ని, చలిని, గర్భాన్ని తెలుపుతుంది. నల్లటి ఒంటి మీద నీలం, పసుపు మచ్చలతో మెరిసిపోయే ఆడ వెయిల్డ్ ఊసరవెల్లిని చూసి ముచ్చటపడి కొంటారు. అది గుడ్లతో ఉందనీ, మగవాటిని దగ్గరికి రావద్దంటోందనీ తెలియక. దుకాణంలో అన్నిటికంటే అందంగా ఉన్నదే అన్నిటికంటే ఒత్తిడిలో ఉన్నది కావచ్చు.

రెండో అభ్యంతరం బరువైనది. ‘పంజరంలో పుట్టింది’ అన్న మాటను ఎవరైనా చెప్పవచ్చు కదా? చెబుతున్నారు కూడా. అడవిలో గర్భంతో పట్టిన ఆడదాని గుడ్లను పొదిగించి, ఆ పిల్లలను పెంపకపు పిల్లలుగా అమ్మడం ఈ వ్యాపారంలో తెలిసిన పద్ధతే. ఫ్లోరిడాలో ఇంకా విడ్డూరం. అక్కడ అన్య దేశపు ఊసరవెల్లులను కావాలనే పొదల్లో వదిలి, అవి పెరిగాక రాత్రిపూట టార్చిలైటు వేసి ఏరుకుని అమ్మేవారున్నారు. నిద్రలో వాటి రంగు తేలిపోతుంది కనుక చీకట్లో ఏరడం సులువు. అవి అడవివా, పెంపకపువా? ఈ మోసాలున్నాయి కనుక పుట్టుక అడగడం దండగ అనడం మాత్రం తర్కం కాదు. ప్రశ్నను ఇంకా వివరంగా అడగాలి. ఏ తేదీన గుడ్డులోంచి వచ్చింది, తల్లి ఎక్కడుంది, ఇప్పటిదాకా ఏ దీపం కింద ఉంది, ఎన్నిరోజులకొకసారి క్యాల్షియం పొడి చల్లారు, అమ్మేవాడి ఎదుటే ఒక పురుగును నాలుకతో అందుకుంటుందా? నిజంగా పెంచినవాడు వీటికి తడుముకోడు.

అడవుల నుంచి పట్టడం ఆపితే మడగాస్కర్ పల్లెల పేదల పొట్ట కొట్టినట్టు కాదా అన్నది మూడోది. పట్టినవాడికి దక్కేది విదేశీ దుకాణపు ధరలో అతి చిన్న వాటా. ఆ వాటా కోసం అడవి ఖాళీ అయితే రేపు అదీ ఉండదు. దీని మీద ఇంతకుమించి వాదించాల్సింది నాకు కనిపించదు.

వయసు విషయంలో మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. లేతది కొంటే ఎక్కువకాలం బతుకుతుందన్న లెక్క సగమే నిజం. నెల పిల్ల ఒక్కరోజు నీరు తప్పినా తట్టుకోలేదు. మూడు నెలలు నిండి, సొంతంగా తింటూ, నిలకడగా పెరుగుతున్నది మేలు. మరోవైపు అడవిలో పట్టిన పెద్దవాటికి సగం ఆయుష్షు అప్పటికే గడిచిపోయి ఉంటుంది. మడగాస్కర్‌లోని లబోర్డ్ ఊసరవెల్లి గుడ్డు బయట బతికేదే 4, 5 నెలలు అని 2008లో వెలువడిన పరిశోధన తేల్చింది. వెయిల్డ్ జాతిలో మగపిల్లను మొదటిరోజే గుర్తుపట్టవచ్చు, వెనక కాళ్ళ మడమ దగ్గర చిన్న ముల్లు ఉంటుంది. ఆడది మగదాని తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది, ఆ భారంతో తొందరగా అరిగిపోతుంది. మొదటిసారి పెంచేవారు మగదాన్ని తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇదంతా వ్యాపారం చట్టబద్ధమైన దేశాల మాట. అమెరికాలోనో ఐరోపాలోనో ఉంటున్న మనవాళ్ళు పిల్లల ముచ్చట కోసం దుకాణానికి వెళితే, పై ప్రశ్నలకు జవాబు దొరకని చోట కొనకుండా వెనక్కి రావాలి. మన దేశంలో లెక్క వేరు. నల్లమల నుంచి ఊరి చివరి తుమ్మచెట్టు దాకా కనిపించే మన ఊసరవెల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది. దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం, అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్న విదేశీ ఊసరవెల్లి ఎవరి దగ్గరున్నా దాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించి తీరాలి.