ఠాణా నుంచి హోటల్ దాకా: న్యూయార్క్ ఇచ్చిన రాత్రి బస

పందొమ్మిదో శతాబ్దపు న్యూయార్క్‌లో తల దాచుకునే చోటు లేనివాడు రాత్రయితే పోలీసు ఠాణాకు వెళ్లేవాడు. పడుకోవడానికే. ఠాణాల్లో అందుకో గది ఉండేది. మంచం, దుప్పటి వంటివేమీ ఉండవు. చెక్క బల్లలుంటాయి, అవీ చాలకపోతే నేలే గతి. 1880ల చివరికి ఇలాంటి బసలు ఏడాదికి దాదాపు లక్షన్నర.

1870లో డెన్మార్క్ నుంచి వచ్చిన జేకబ్ రీస్ చేతిలో చిల్లిగవ్వ లేక ఓ వాన రాత్రి చర్చ్ స్ట్రీట్ ఠాణాలో పడుకున్నాడు. తెల్లారేసరికి మెడలోని బంగారు లాకెట్ మాయమైంది. ఫిర్యాదు చేస్తే, నీలాంటివాడికి బంగారం ఎక్కడిదని సార్జెంటు అతన్నే గెంటించాడు. బయట కాచుకుని ఉన్న రీస్ కుక్క, గెంటిన పోలీసు కాలు పట్టుకుంది. అతను దాన్ని మెట్లకేసి బాది చంపేశాడు. పాతికేళ్లకు రీస్ పేరుమోసిన పాత్రికేయుడయ్యాడు. పోలీసు బోర్డు అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అతని స్నేహితుడు. ఓ రాత్రి రీస్ ఆయన్ని అదే ఠాణాకు తీసుకెళ్లి జరిగిందంతా చెప్పాడు. 1896 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ ఠాణా బసలన్నీ మూయించాడు.

మూయించడం సబబే. మరి ఫిబ్రవరి చలిలో ఆ జనం ఎక్కడికి పోవాలి? నగరం ఈస్ట్ రివర్ ఒడ్డున ఓ బార్జీని కట్టి, అందులో పడుకోమంది. నూటపాతికేళ్లుగా న్యూయార్క్ పద్ధతి దాదాపు ఇదే. ఉన్న పడకలు నిండగానే, ఊళ్లో ఖాళీగా పడి ఉన్న కట్టడం ఏదా అని వెతుక్కుంటుంది. మనుషులు ఉండటానికి అది కట్టారా లేదా అన్నది తర్వాతి మాట.

1909లో ఈస్ట్ 25వ వీధిలో మునిసిపల్ లాడ్జింగ్ హౌస్ వెలిసింది. వచ్చినవాడికి స్నానం, వైద్య పరీక్ష, బట్టలకు పురుగు పోయేలా పొగ. 1930ల మాంద్యంలో అదీ సరిపోక రేవు షెడ్డులో మంచాలు వేశారు.

1970లలో బవరీ వీధి లాడ్జీలకు నగరం చీటీలు రాసిచ్చేది. అక్కడివి గదులని అనడానికి నోరు రాదు. మనిషి ఎత్తు చెక్క అడ్డాలు, పైన కోళ్ల గూటికి వాడే తీగ వల. అవీ నిండిపోయిన రాత్రి ఈస్ట్ 3వ వీధి పురుషుల షెల్టర్‌లోని ‘బిగ్ రూమ్’లో కుర్చీల మీదో, నేల మీదో తెల్లవార్లూ గడపాల్సిందే.

1979లో రాబర్ట్ హేస్ అనే కుర్ర లాయరు దీన్ని కోర్టుకెక్కించాడు. అవసరంలో ఉన్నవారిని ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యతని 1938లో రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చిన వాక్యమే అతని ఆధారం. ‘కాలహాన్ వర్సెస్ కేరీ’ కేసు 1981 ఆగస్టులో రాజీ ఒప్పందంతో ముగిసింది. ఎవరి పేరు మీద కేసు నడిచిందో, ఆ మనిషి అప్పటికే వీధిలో ప్రాణం విడిచాడు. ఒప్పందం చదివితే మాత్రం ముచ్చటేస్తుంది. మంచం వెడల్పు కనీసం 30 అంగుళాలు ఉండాలి. శుభ్రమైన పరుపు, రెండు దుప్పట్లు, ఒక కంబళి, గలీబుతో తలగడ, సామాను దాచుకోను తాళం వేసుకునే బీరువా. ఆరుగురికో మరుగుదొడ్డి, పదిమందికో షవరు. దయతో ఇచ్చేది హక్కుగా మారాలంటే అంగుళాల లెక్క కూడా రాసిపెట్టాలని హేస్ గ్రహించాడు.

హక్కు వచ్చిందిగానీ కట్టడాలు రాలేదు. వాషింగ్టన్ హైట్స్‌లో సైనికుల కవాతు కోసం కట్టిన ఆర్మరీలో ఒకే కప్పు కింద వెయ్యిదాకా మంచాలు వరసగా పరిచారు. 2002లో మూతపడ్డ బ్రాంక్స్ జైల్లోకి కుటుంబాలను పంపారు. గోడల రంగులో సీసం బయటపడి వెనక్కి తీసుకొచ్చారు. ఆ ఏడాదే అధికారులు బహామాస్ వెళ్లి పాత విహార నౌకలు చూసొచ్చారు, కొనలేదు. బార్జీ ముచ్చట ఇంకా తీరలేదన్నమాట!

2022 నుంచి వలస వచ్చినవాళ్లు లక్ష దాటారు. మూతపడి ఉన్న ఓ పెద్ద హోటల్‌ను పాకిస్తాన్ విమానయాన సంస్థ నుంచి నగరం అద్దెకు తీసుకుంది. వెయ్యికి పైగా గదులు. దాని పేరు రూజ్‌వెల్ట్ హోటల్, ఆ థియోడర్ పేరే. 2023 వేసవిలో అక్కడా చోటు లేక వందలమంది దాని ముందు కాలిబాట మీదే పడుకున్నారు. 2024 మార్చిలో కుదిరిన కొత్త ఒప్పందంతో, ఒంటరిగా వచ్చిన వలస పెద్దలకు బస మామూలుగా 30 రోజులకే పరిమితమైంది. 2025 జూన్‌లో ఆ హోటల్‌లోని షెల్టర్‌ను నగరం మూసేసింది.