పల్లకీ ఎవరడిగారు?

ఎవరి పిచ్చి వారికానందం అన్నారు పెద్దలు. మా వదినకి చీరల పిచ్చి. పక్కింటావిడకి ఆవకాయ పిచ్చి, కలిపిన జాడీ సగం వీధిలో పంచితేగాని ఆవిడకి నిద్రపట్టదు. నాకేమో బి.ఎన్. రెడ్డిగారి సినిమాల పిచ్చి.

"చూసిందే ఎన్నిసార్లు చూస్తావోయ్! చూసినప్పుడల్లా కథ మారుతుందా?" అని మావారు వేళాకోళం చేస్తారు. కథ మారదు, నిజమే. చూసే మనిషి మారుతుంది కదండీ! పదేళ్ళ వయసులో దూరదర్శన్‌లో "మల్లీశ్వరి" చూసి వర్షంలో ఆ బండి ప్రయాణం, ఆ ఆటపాటలు బాగున్నాయనుకున్నాను. పెళ్ళయిన కొత్తల్లో చూసి బావామరదళ్ళ ఎడబాటుకి కళ్ళొత్తుకున్నాను. ఇప్పుడు, కాలేజీలో చదువుకుంటున్న కూతురికి తల్లినయ్యాక చూస్తే, నా చూపంతా మల్లి తల్లి నాగమ్మ మీదే ఉంటోంది. ఆవిడని చూస్తే కోపం వస్తుంది. కాసేపటికి భయం కూడా వేస్తుంది, ఎందుకంటే ఆవిడ మనకి బాగా తెలిసిన మనిషే.

బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు 1908లో కడప జిల్లా పులివెందుల దగ్గర కొత్తపల్లెలో పుట్టారు. మద్రాసులో అచ్చాఫీసు నడుపుతూ సినిమాల వైపు వచ్చారు. హెచ్.ఎం. రెడ్డిగారితో కలిసి 1938లో "గృహలక్ష్మి" తీసి, ఆ తరువాత మూలా నారాయణస్వామిగారి తోడ్పాటుతో వాహినీ సంస్థ పెట్టారు. తెరనిండా కిరీటాలూ గదలూ కనబడుతున్న కాలం అది. ఆయన మాత్రం మొదటి నుంచీ వంటింటి గడప దగ్గర కెమెరా పెట్టారు. 1939లో వచ్చిన "వందేమాతరం" పేరు చూసి స్వాతంత్ర్య పోరాటం కథ అనుకునేరు! అందులో ఉన్నది ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రాడు, కట్నం రాలేదని కోడలిని సాధించే అత్తగారు, ఇల్లు వదిలి పూలమ్ముకునే కోడలు. నాగయ్యగారు, కాంచనమాల నటించారు. మరుసటి ఏడు "సుమంగళి"లో వితంతు వివాహం సంగతి ఎత్తుకున్నారు. వీరేశలింగం పంతులుగారిని తలపించే ముసలి సంస్కర్త వేషం వేసిన నాగయ్యగారికి అప్పటికి నలభై నిండలేదు.

తమ్ముడు నాగిరెడ్డిగారు విజయా సంస్థతోనూ "చందమామ"తోనూ ఇంటింటికీ వెళ్ళిపోతే, అన్నగారు మాత్రం నిదానమే ప్రధానమన్నారు. 1939 నుంచి 1969 దాకా ముప్ఫై ఏళ్ళలో ఆయన దర్శకత్వం వహించినవి 11 సినిమాలే. దక్షిణాది వారిలో మొట్టమొదట దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది, 1974వ సంవత్సరానికి. 1977లో వెళ్ళిపోయారు.

ఆయన సినిమాల్లో నన్ను పట్టేసిన సంగతి ఒకటుంది. మీసాలు మెలితిప్పే దుర్మార్గుడు వాటిలో వెతికినా సులువుగా దొరకడు. ఆడదానికి కష్టం వచ్చిందంటే అది తెచ్చినవాళ్ళు సాధారణంగా మంచివాళ్ళే. పోనీ, మనలాంటి వాళ్ళు.

1941 నాటి "దేవత" చూడండి. సీమకి వెళ్ళి చదువుకొచ్చిన వేణు, వాళ్ళింట్లో పనిచేసే లక్ష్మికి మాటిచ్చి దగ్గరవుతాడు. తరువాత పెద్దింటి సంబంధం వస్తుంది. లక్ష్మి కడుపులో బిడ్డతో ఊరు విడిచి పోతుంది. వేణు క్రూరుడు కాడు, మెత్తనివాడు. ఆ మెత్తదనమే ఆ పిల్ల కొంప ముంచింది. చివరికి అతను పశ్చాత్తాపపడి, వెతుక్కుంటూ వెళ్ళి, ఆమెను భార్యగా స్వీకరిస్తాడు.

మా అమ్మాయికి ఈ ముగింపు నచ్చలేదు. "అతను స్వీకరించడమేమిటమ్మా? ఆమె కదా స్వీకరించాలి! నేనైతే తలుపు తీసేదాన్ని కాదు" అంది. ఆ మాట కొట్టిపారేయలేను. కానీ 1941 సంగతి కూడా చూడాలి కదా. తప్పు ఇద్దరిదైనా నింద ఆడపిల్లదే, నుయ్యో గొయ్యో చూసుకోవలసిందీ ఆడపిల్లే అనుకునే రోజులవి. అలాంటి రోజుల్లో "వెతకవలసిన వాడివి నువ్వు, తలవంచుకోవలసిన వాడివీ నువ్వే" అని మగవాడికి చెప్పి, పనిపిల్లకి "దేవత" అని పేరు పెట్టడం చిన్న సంగతి కాదు. అంతా విని మా అమ్మాయి, "సరే, సగం మార్కులు వేస్తాను" అంది. ఈ కాలం పిల్లల దగ్గర సగం అంటే మాటలా!

1945లో "స్వర్గసీమ" వచ్చింది. వీధిలో ఆడిపాడే సుబ్బి, మూర్తి చేయి పట్టుకుని సుజాతాదేవి అయిపోతుంది. ఇంట్లో ఇల్లాలు కల్యాణి మిగిలిపోతుంది. సుబ్బిగా భానుమతిగారి పాటతో, ఆ కొంటె చూపుతో ఆంధ్రదేశమంతా ఊగిపోయిందట. ఇల్లాలిగా వేసిన జయమ్మగారిని తలుచుకునేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఆ ఇంట్లో దీపం దగ్గర కూర్చున్న మనిషే గుర్తుంటుంది.

ఇక 1951 నాటి "మల్లీశ్వరి". దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు సినిమాకి మొదటిసారి కలం పట్టింది దీనికే, మాటలూ పాటలూ ఆయనవే. సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతం, ఎ.కె. శేఖర్‌గారి కళ. బుచ్చిబాబుగారి నాటిక ఒకటి, ఇంగ్లీషు పత్రికలో చదివిన చిన్న కథ ఒకటి కలిసి దీనికి బీజమయ్యాయి. చైనా అక్షరాలు వేసుకుని చైనా వాళ్ళకి కూడా కన్నీళ్ళు తెప్పించి వచ్చింది.

కథ మీకు తెలిసిందే. వానలో పాడుబడ్డ సత్రంలో బావ నాగరాజు పాడుతుంటే మల్లి ఆడుతుంది. అదే చూరు కింద తలదాచుకున్న ఇద్దరు బాటసారులు చూసి ముచ్చటపడతారు. వాళ్ళు మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలూ, పెద్దన కవీ అని పిల్లలకి తెలియదు. రాయలవారికి చెప్పి మా మల్లికి పల్లకీ పంపించండి అని నాగరాజు హాస్యానికి అంటాడు. ఆ మాట పట్టుకుని ఒకనాడు నిజంగానే పల్లకీ వస్తుంది. అప్పటికి బావ, నాగమ్మ చేత మాటలు పడి, డబ్బు సంపాదించుకు వస్తానని ఊరు విడిచి పోయాడు. పట్టుచీరలూ, నగలూ, బంగారు కాసులూ చూసి తల్లి కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. పిల్ల రాణివాసానికి వెళ్ళిపోతుంది. లోపలికి వెళ్ళడమే గాని బయటికి రావడం ఉండదు. పరాయివాడు అడుగుపెడితే ప్రాణం పోతుంది.

ఇందులో దోషి ఎవరు చెప్పండి? నాగరాజు ప్రేమించినవాడు, వేళాకోళానికి ఒక మాటన్నాడు. రాజు రసికుడు, కానుక ఇచ్చాననే అనుకున్నాడు. తల్లి కన్నతల్లి, బిడ్డ సుఖపడుతుందనే పంపింది. ముగ్గురూ ఆ పిల్ల మేలు కోరినవాళ్ళే. ముగ్గురిలో ఒక్కరూ "అమ్మా, నీకు పల్లకీ కావాలా?" అని అడగలేదు. అంతే కథంతా. చివరికి రాయలే కరుణించి ఇద్దరినీ ఇంటికి పంపిస్తాడు, మనం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాం. కానీ కరుణతోనే కష్టం మొదలైందని మాత్రం నేను మరిచిపోలేను. అడగకుండా చేసిన మేలు ఆడపిల్ల పాలిట ఎలా పరిణమిస్తుందో, భానుమతిగారు రాణివాసపు గోడల మధ్య కళ్ళతోనే చెప్పారు.

ఆ తరువాత 1955లో వచ్చిన "బంగారు పాప"కి మూలం ఇంగ్లీషు నవల, "సైలస్ మార్నర్". జార్జ్ ఇలియట్ అని మగపేరు పెట్టుకుని రాసిన ఒక ఆడమనిషి కథ అది. పాలగుమ్మి పద్మరాజుగారి మాటలతో తెలుగుదనం పులుముకుంది. మొరటు కోటయ్యగా ఎస్.వి. రంగారావుగారు, దొరికిన పసిదాన్ని ఎత్తుకున్న క్షణం నుంచీ కరిగిపోతారు. అక్కడ మాత్రం పాప ఎవరికి చెందాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పాప మనసుకీ విలువుంది. అందుకే అది నాకు మల్లీశ్వరికి చెల్లెలి కథలా అనిపిస్తుంది.

సినిమాలు చూసి ఏం నేర్చుకుంటారని అడిగేవాళ్ళుంటారు. పోయిన ఏడాది మా ఆడపడుచు ఫోను చేసి, "వదినా, పిల్లకి అమెరికా సంబంధం వచ్చింది. కట్నం అక్కర్లేదట. టిక్కెట్టు కూడా వాళ్ళే కొంటారట" అంది. సంతోషంతో గొంతు వణుకుతోంది. నాకెందుకో గుమ్మంలో దిగిన పల్లకీ కళ్ళకు కట్టింది.

"అమ్మాయినడిగావా?" అన్నాను.

"దాన్నడిగేదేముంది? మంచి సంబంధం కాదంటుందా?"

"ఒకసారి దానికివ్వు ఫోను."

అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లిగా, "అత్తయ్యా, చదువు ఇంకా రెండేళ్ళుంది. పూర్తి చేసి వస్తానంటే వాళ్ళాగుతారా?" అంది. నేను అదే మాట వాళ్ళమ్మకి చెప్పాను. వాళ్ళు ఆగలేదు, వేరే సంబంధం చూసుకున్నారు. మా ఆడపడుచు మూడు నెలలు నాతో మాట్లాడలేదు. "నీ సినిమా పిచ్చి మా చెల్లెలింట్లో చిచ్చు పెట్టింది" అన్నారు మావారు. ఆ పిల్ల మాత్రం చదువుకుంటోంది.

పోయిన వారం మా ఆడపడుచే ఫోను చేసింది. అదీ ఇదీ మాట్లాడి, చివర్లో ఏమీ ఎరగనట్టు, "వదినా, ఆ మల్లీశ్వరి సినిమా ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. ఎక్కడ దొరుకుతుందో చెప్పాను. నాగమ్మ వచ్చినప్పుడు కాస్త నిదానంగా చూడమని మాత్రం చెప్పలేదు. తనే చూస్తుంది.